వడియాలు ఎండని ఊరు

పెద్దమ్మాయి లండన్ వెళ్ళేటప్పుడు పర్లాకిమిడిలో మా వీధంతా ఒకటే మాట: "అక్కడ రోజూ వానేనట కదా!" నేనూ భయపడి రెండు గొడుగులు సర్దాను.

తర్వాత లెక్క చూస్తే నవ్వొచ్చింది. లండన్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లే. మాకు దానికి రెట్టింపు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా పెరటి రేకులు ఎగిరి పక్కవాళ్ళ కొబ్బరిచెట్టుకు చుట్టుకున్నాయి. అయినా మమ్మల్ని ఎవరూ 'వానల ఊరు' అనరు మరి!

నిరుడు డిసెంబరులో వెళ్ళాక సంగతి అర్థమైంది. అక్కడ వానంటే తుంపరే, పడుతోందో లేదో చెయ్యి చాపి చూసుకోవాలి. కానీ మబ్బు కదలదు. సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగూకిపోతుంది. బుద్ధి లేక వడియాలకు పిండి ఉడికించాను. హీటర్ మీద పళ్ళెంలో మూడు రోజులుంచితే పైన పెచ్చు కట్టాయి, లోపల మెత్తగా పులిసిపోయాయి. అల్లుడు పాపం, బాగున్నాయంటూ రెండు తిన్నాడు.

స్కాట్లాండ్ పడమటి వైపు మాత్రం నిజంగానే కుండపోతట. అటు వెళ్ళలేదు.

నిన్న అమ్మాయి ఫోన్ చేసింది. ఎండ కాసిందని అందరూ పార్కుకు పరిగెత్తారట. ఆ ఎండకే భయపడి నేనిక్కడ కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాను.