పీవీ జీవితకథ మీద వ్యాసం రాయడానికి పట్టిన మూడు నెలలు

పీవీ నరసింహారావు మీద వినయ్ సీతాపతి ఇంగ్లీషులో రాసిన జీవితచరిత్ర 'హాఫ్ లయన్' 2016లో వచ్చింది. ఆ పుస్తకం మీద, దాని మీద వచ్చిన విమర్శల మీద మాట్లాడమని మా గ్రంథాలయ మిత్రులు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. మాది వరంగల్ వైపు. పీవీ పుట్టిన లక్నేపల్లి పేరు వింటూ పెరిగినవాణ్ణి. వారంలో రాసేస్తాననుకున్నాను.

మొదటి ప్రతి నిండా 1991 ఆర్థిక సంస్కరణలే. మెజారిటీ లేని ప్రభుత్వాన్ని ఐదేళ్లు నడిపిన నేర్పు, 2004లో ఆయన పార్థివదేహాన్ని ఢిల్లీ పార్టీ ఆఫీసు లోపలికి రానివ్వకపోవడం. ఆ చివరి పేరా రాస్తుంటే కళ్లు చెమర్చాయి. హన్మకొండలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడికి చదివి వినిపించాను. అంతా విని, "బాగుందిరా. మరి డిసెంబరు 6 ఏది?" అన్నాడు. వాడు ముస్లిం. 1992లో పీవీ ప్రధానిగా ఉండగా, ఆ రోజే అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చేశారు. అప్పుడు మా ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆ వారమంతా వాళ్ల నాన్న వాడిని బడికి పంపలేదు. నా పక్కన బెంచీ ఖాళీగా ఉండటం నాకిప్పటికీ గుర్తే. రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అయోధ్య అధ్యాయం మళ్లీ మూడుసార్లు చదివాను. పీవీ కుట్ర చేయలేదని, యూపీలో ముందే రాష్ట్రపతి పాలన పెట్టకుండా అక్కడి ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ హామీలను నమ్మడమే తప్పని రచయిత వాదన. ఇది మరీ మెత్తటి తీర్పని కొందరు విమర్శకులన్నారు. నాకూ అదే అనిపించింది. పుస్తకానికి ప్రాణం పీవీ దాచుకున్న సొంత కాగితాలు. ఎవరి కాగితాలు వాళ్ల వైపే మాట్లాడతాయి కదా!

కానీ పుస్తకమంతా పొగడ్తే అంటే ఒప్పుకోను. 1984లో ఢిల్లీలో సిక్కుల్ని చంపుతుంటే హోం మంత్రి పీవీయే. పోలీసులు ఆయన కింద ఉండి కూడా ఆయన కదల్లేదు. ఆ సంగతి రాసేటప్పుడు రచయిత ఏమాత్రం జాలి చూపలేదు. సంస్కరణల ఘనత పీవీదా, మన్మోహన్ సింగ్‌దా అన్న వాదనకు ఒక్క పేరా చాలనిపించింది.

సభ రోజు బాగా టెన్షన్ పడ్డాను. "మనాయన్ని మనమే తక్కువ చేసుకుంటామా?" అంటూ ఒక పెద్దాయన లేచారు. "అన్నీ చెప్తేనే కదండీ, ఆయన మనకు పూర్తిగా అర్థమయ్యేది" అన్నాను. ఆయన ఊరుకోలేదు, వాదన గంటసేపు సాగింది.

పుస్తకం ఇప్పుడు నా స్నేహితుడి దగ్గరుంది. నిన్న ఫోన్ చేశాడు, అయోధ్య దాకా వచ్చాడట.