రంగం మేడలు

మా నాయనమ్మ వాళ్ళ నాన్న రంగం వెళ్ళాడు. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళెవరూ రంగూన్ అనేవారు కాదు. రంగం వెళ్ళాడంటే చాలు, ఇక్కడ పంట పోయిందనీ, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కాడనీ అందరికీ అర్థమైపోయేది. ఇప్పుడు యాంగోన్ అని పిలుస్తున్న ఆ బర్మా ఊరు చూడాలని చిన్నప్పట్నుంచీ ఉండేది, 2019 డిసెంబరులో కుదిరింది.

1852లో బర్మాతో జరిగిన యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్ళు సూలే పగోడా అనే బౌద్ధ స్తూపాన్ని మధ్యలో పెట్టుకుని చదరంగం గళ్ళలా వీధులు గీశారు కాబట్టి నడిచేవాడికి దారి తప్పుతుందన్న టెన్షన్ లేదు. పాన్సొడాన్ వీధిలో ఒకవైపు పాత పుస్తకాల వాళ్ళు, పైన వానలకు నల్లబడిన పెద్ద పెద్ద మేడలు, గోడ పగుళ్ళలోంచి మొలిచిన చెట్లు. హైకోర్టు ఎర్ర ఇటుకల గడియారం గోపురం, 1901 నాటి స్ట్రాండ్ హోటల్, 1947లో బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌ను కాల్చి చంపిన సెక్రటేరియట్, అన్నీ నడిచి వెళ్ళే దూరమే. నాకు మాత్రం అన్నిటికంటే 1936లో పూర్తయిన సిటీ హాల్ నచ్చింది, ఊ తిన్ అనే బర్మా ఆర్కిటెక్టు దాని తల మీద తమ పగోడాల అంతస్తుల కప్పు పెట్టాడు.

ఈ మేడల్లో జనం ఉంటున్నారు, అది నాకు చాలా బాగా అనిపించింది. లిఫ్టులు లేవు కదా, నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, కింద చివర క్లిప్పు. పేపరబ్బాయి పేపరు తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, ఎవరో లాక్కుంటారు. కింద టీ కొట్టు ముందు చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని అదే చూస్తూ గంటసేపు గడిపేశాను.

పాత భవనాలు ఒక్కొక్కటీ కూలిపోతుంటే 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు పెట్టి, ముఖ్యమైన వాటి గోడల మీద నీలం ఫలకాలు బిగించారు. మంచి పనే. నేను ఆగిన ప్రతి ఫలకమూ చదివాను, కానీ కూలీల గురించి ఒక్క మాట కూడా నాకు కనిపించలేదు. 1931 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే, అప్పట్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా, ఆ బస్తాలు ఓడల్లోకి మోసింది ఎక్కువగా మన కోస్తావాళ్ళు. కోరింగ రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలనేవారు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టారు, సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఇద్దరూ ఆకలితో ఉన్నవాళ్ళే. ఆ గొడవల్లో వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ కోపం బర్మావాళ్ళ మీద కంటే, కూలి మిగుల్చుకోవాలని ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టినవాళ్ళ మీదే నాకు ఎక్కువ.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల్లోంచి నడిచి వెనక్కి బయల్దేరారు. మా నాయనమ్మ నాన్న ఇంటికి చేరలేదు. దారిలో పోయాడని ఒకరు, అసలు బయల్దేరనే లేదని ఒకరు. నాయనమ్మకి అప్పుడు ఆరేళ్ళు.

చివరి రోజు పొద్దున్నే నది ఒడ్డుకు వెళ్ళాను. పడవకీ గట్టుకీ మధ్య ఒక సన్నని చెక్క వేసి ఉంది, లుంగీ ఎగ్గట్టుకున్న కుర్రాళ్ళు వరసగా మెడ మీద బస్తాలతో దాని మీద నడుస్తున్నారు, అడుగు పడినప్పుడల్లా చెక్క ఊగుతోంది. ఫోటో తీద్దామని ఫోన్ బయటకు తీసి, తియ్యలేక మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.