నిండుగా వచ్చి నిండుగా వెళ్లే బాటిళ్లు

పలాసకి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను, పదకొండేళ్లయింది. పోయిన జూలైలో ఒకరోజు చివరి పీరియడ్, తొమ్మిదో తరగతి. బోర్డు మీద బొమ్మ వేసి పిల్లలు దించుకుంటుంటే బెంచీల మధ్య తిరుగుతున్నాను. బయట ఉక్కపోత, ఫ్యాన్ తిరుగుతున్నా గాలి లేదు. అప్పుడు ఎందుకో ఆడపిల్లల కాళ్ల దగ్గర పెట్టుకున్న వాటర్ బాటిళ్ల మీద దృష్టి పడింది. పొద్దున్న ఇంటి దగ్గర ఎంత పట్టారో అంతే ఉన్నాయి నీళ్లు, మూత దాకా. లెక్కపెట్టాను. ఇరవై ఆరు మందిలో పంతొమ్మిది మందివి అలాగే ఉన్నాయి.

ఏమ్మా, దాహం వేయదా అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని తలలు దించుకున్నారు. కాసేపటికి వెనక బెంచీలో అమ్మాయి మెల్లగా అంది, "తాగితే ఒకటికి ఎల్లాలి కదా మేడమ్."

అప్పుడు వెళ్లి చూశాను. ఆడపిల్లలకి బాత్రూమ్‌లు రెండు. ఒకదానికి తలుపుంది, గడియ ఊడిపోయింది. రెండోదానికి గడియ ఉంది, కుళాయిలో నీళ్లు రావు. ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకో అమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఇంటర్వెల్ పది నిమిషాలు. నూట నలభై మంది ఆడపిల్లలు. ఎవరైనా ఏం చేస్తారు, నీళ్లు తాగడం మానేస్తారు, తొమ్మిదింటికి వచ్చి నాలుగు దాటాక ఇంటికెళ్లే దాకా అలాగే బిగబట్టుకుంటారు. స్టాఫ్ బాత్రూమ్ తాళంచెవి నా బ్యాగులోనే ఉంటుంది, పదకొండేళ్లుగా. పక్క గోడకి అవతల ఇలా ఉందని నేను ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, తలపోటు, మలబద్ధకం, వీటితో ఇంటికి పంపించమని అడిగే పిల్లల్లో చాలామందికి అసలు కారణం ఇదే అయ్యుండొచ్చు. పైగా మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు మనిషిని చూడని వీధి ఉండదు. ఆ జబ్బు ఎందుకొస్తోందో డాక్టర్లే ఇంకా తేల్చలేదు కాబట్టి దానికీ దీనికీ నేను ముడిపెట్టను. కానీ అలాంటి చోట పిల్లలు ఎండలో రోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంటుంటే చూస్తూ ఊరుకోగలమా?

గడియకి తొంభై రూపాయలు. ఒక బకెట్, ఒక మగ్గు. వడ్రంగిని పిలిపిస్తే పావుగంటలో పని అయిపోయింది. కుళాయికి మాత్రం మూడు వారాలు పట్టింది, అందాకా పెద్ద డ్రమ్ములో నీళ్లు పట్టించాం. వాటర్ బెల్ కూడా పెట్టాం, బెల్ కొట్టగానే ఉన్నచోటే అందరూ నాలుగు గుక్కలు తాగాలి, టీచర్ కూడా. అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది స్టాఫ్‌రూమ్‌లో, క్లాసు మధ్యలో పిల్ల చెయ్యెత్తి బయటికి వెళ్తానంటే ఎందుకు, ఇప్పుడే ఇంటర్వెల్ అయింది కదా అని అడగకూడదు అన్నందుకు. సాకు చెప్పి తిరుగుతారని లెక్కల మాస్టారు ఒప్పుకోలేదు. ఒకరిద్దరు తిరిగితే తిరగనివ్వండి, ఆ ఒక్క ప్రశ్నకి సిగ్గుపడి నెలసరి రోజుల్లో కూడా కదలకుండా కూర్చునే పిల్లలున్నారు అని నేను గట్టిగానే అన్నాను. ఆ నాలుగు రోజులూ బడి మానేసే అమ్మాయిల పేర్లు హాజరు పట్టీలో వరసగా చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు. ఆయన మంచి మనిషి, ఆయనకి తెలియదంతే.

ఇక తిండి. ప్రేయర్‌లో పిల్లలు పడిపోతుంటారు, బడుల్లో పనిచేసే వాళ్లందరూ చూసే ఉంటారు. మొహం మీద నీళ్లు చల్లుతాం, గ్లూకోజ్ కలిపి ఇస్తాం, నీరసం అంటాం, అక్కడితో మర్చిపోతాం. ఆగస్టులో ప్రతిజ్ఞ చెప్తూ ఒకమ్మాయి కూలబడిపోతే సాయంత్రం వాళ్లమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. "ఆరింటికే ఎల్లిపోతాను మేడమ్, గుంటకి టీ కాసెట్టి ఎల్తాను, రెండు బిస్కెట్లు ముంచుకుని తింటాది" అంది. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్న పిల్ల మర్నాడు మధ్యాహ్న భోజనం దాకా టీ మీద ఉంటోంది. ఆ తల్లిని ఏమనగలం, ఆవిడ కూడా టీ తాగే పనికెళ్లింది. ఒకటే అడిగాను, రాత్రి అన్నంలో కొంచెం నీళ్లు పోసి ఉంచమ్మా, పొద్దున్న మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుని తింటుంది అని. మన అమ్మమ్మలు చద్దన్నమో చోడి అంబలో తాగకుండా పొలానికి వెళ్లేవారు కాదు. ఆ చోళ్లే ఇప్పుడు రాగిజావ పేరుతో బడిలో వారానికి మూడు రోజులు ఇస్తున్నారు, వద్దని పారబోసే పిల్లల పక్కన కూర్చుని నేనూ తాగుతున్నాను, ఈ మధ్య పారబోయడం తగ్గింది.

వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి కూడా చెప్పాలి. ప్రహరీ గోడ వెనక గడ్డిలో అవి రాలిపోయి కనిపించేవి. అడిగితే వాంతి వస్తుంది మేడమ్ అన్నారు. అందులో అరవై మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది మరి. భోజనం అయ్యాకే వేసుకోవాలి, ఆ వెంటనే టీ తాగకూడదు, ఐరన్ ఒంటికి పట్టదు. జామకాయ ముక్కో నిమ్మరసమో ఉంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. ఈ చివరి మాట ఎవరూ చెప్పకపోవడం వల్ల లోపల ఏదో అయిపోయిందని హడలిపోయి మాత్ర మానేసిన పిల్లలు ఒక్క నా క్లాసులోనే నలుగురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అబ్బాయిల్లోనూ 31 మందికి ఉంది, కాబట్టి మగపిల్లాడికి ఎందుకులే అనుకోకండి.

ఒక అబ్బాయి గురించి రాయకుండా ఉండలేను. పదో తరగతి. మొదటి పీరియడ్‌లోనే నిద్రపోయేవాడు. రెండుసార్లు నిలబెట్టాను, మూడోసారి అందరి ముందూ ఫోన్ చూస్తూ పడుకుంటున్నావా రాత్రంతా అని అరిచాను. వాడు ఏమీ అనలేదు. వాళ్ల నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆటోలో తోడు వెళ్లి, వేరే బంధువు వచ్చాక అటునుంచి అటే బడికి వచ్చేవాడని పక్క బెంచీ పిల్లాడు తర్వాత నాతో చెప్పాడు. మర్నాడు వాణ్ని పిలిచి తప్పు నాది నాన్నా అన్నాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారి వచ్చేసింది వాడికి.

ఈ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటారు. మనం పొద్దున్న ఎనిమిదింటికి స్టడీ అవర్, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, ఇంటికెళ్లాక ట్యూషన్ అని పెట్టి, పబ్లిక్ పరీక్షల్లో ఆరు వందలకి ఎన్నొస్తాయో అని టెన్షన్ పడుతూ, ఆ టెన్షన్ వాళ్ల మీద పోస్తున్నాం. హెడ్మాస్టర్ గారితో మాట్లాడి ఆ అబ్బాయికి పొద్దున్న స్టడీ అవర్ తీసేయించాను, నోట్సు ఒక ఫ్రెండ్ ఇస్తాడు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మూల రాసి ఉంచాను, ఏ టైములోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. ఇంట్లో కొడుతున్నా, పెళ్లి చేసేస్తామంటున్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఎవరు ఫోన్ చేశారో నాకు తెలియదు, నేను అడగను. ఇద్దరు ముగ్గురు ఆ నంబరు చేతి మీద రాసుకోవడం మాత్రం చూశాను.

మొన్న శనివారం చివరి పీరియడ్‌లో మళ్లీ బాటిళ్లు లెక్కపెట్టాను. నిండుగా ఉన్నవి ఆరు. గడియ ఉంది, నీళ్లున్నాయి, బెల్ కొడుతున్నాం, అయినా ఆ ఆరుగురు తాగట్లేదు. వాళ్లని ఒక్కొక్కళ్లనీ విడిగా కూర్చోబెట్టి అడగాలి, సోమవారం నుంచి.