పోయింది గేర్ బాక్స్ కాదు: సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారుతో నా అనుభవం

నాన్నకు ఎడమ మోకాలు అరిగింది. క్లచ్ తొక్కలేరు. అయినా హన్మకొండ నుంచి పరకాల దగ్గరి పొలానికి తన బండి తనే నడుపుకుంటూ పోవాలి, ఇంకొకరు తీసుకెళ్తే ఒప్పుకోరు. అందుకని ఆటోమేటిక్ కొన్నాం. కొత్తది మా అందుబాటులో లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్. 2017 మోడల్ చిన్న పెట్రోల్ కారు, అరవై వేల కిలోమీటర్లు దాటి తిరిగింది, గేర్లు ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్లనే ఒక యంత్రం మార్చే పద్ధతి. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ పద్ధతి చాలా కంపెనీల చిన్న కార్లలో ఉంది, వాటికొచ్చే జబ్బులూ దాదాపు ఇవే.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ తేడా లేదు. ఎండెక్కాక, కాజీపేట ఫాతిమా నగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో మెల్లమెల్లగా కదులుతున్నప్పుడు, మీటర్‌లో గేరు అంకె పోయి 'ఎన్', అంటే న్యూట్రల్, మినుకుమనేది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రేసవుతుంది, బండి కదలదు. తాళం ఆపి, కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. బ్రిడ్జి ఎత్తు మీద, వెనక బస్సు హారన్ కొడుతుండగా, నాన్న ఒక్కరే బండిలో ఉంటే ఎట్లా అన్నది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు.

ముందు ఒక పెద్ద వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాను. "గేర్ బాక్స్ పోయింది సార్, సెట్టు మొత్తం మార్చాలె" అన్నారు. ఎస్టిమేట్ చూస్తే కారు కొన్న ధరలో మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఏం పరీక్షించి చెప్పారని అడిగాను. "ఈ మోడల్‌లకు ఇంతే సార్" అన్నారు. ఆ జవాబుకు అంత డబ్బు పెట్టలేక బండి వెనక్కి తెచ్చుకున్నాను.

ఇక్కడ ఏఎంటీ ఎట్లా పనిచేస్తుందో చెప్పాలి. ఇది తెలిస్తే సగం భయం పోతుంది. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో చిన్న కార్లలోకి వచ్చింది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే. అవే పళ్ల చక్రాలు, అదే క్లచ్ ప్లేటు. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని దాని పక్కన బిగించిన ఒక యంత్రం చేస్తుంది, అంతే. చవగ్గా దొరకడానికి కారణం కూడా అదే. మా కారులో ఆ యంత్రం నూనె ఒత్తిడితో నడుస్తుంది. చిన్న కరెంటు పంపు నూనెను అక్యుములేటర్ అనే ఇనుప డబ్బాలోకి తోస్తుంది. ఆ డబ్బాలో ఉన్న నైట్రోజన్ గ్యాస్ నొక్కుకుపోయి ఒత్తిడిని నిలవ ఉంచుతుంది. గేరు మారాల్సినప్పుడు సోలినాయిడ్ వాల్వులు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులు, తెరుచుకుని ఆ ఒత్తిడిని క్లచ్‌కూ గేర్లకూ పంపుతాయి. ఎప్పుడు ఏది తెరవాలో టీసీయూ అనే కంప్యూటర్ చెబుతుంది. కొన్ని కంపెనీల ఏఎంటీలలో నూనె ఉండదు, కరెంటు మోటార్లే నేరుగా ఆ పని చేస్తాయి. సీవీటీ, టార్క్ కన్వర్టర్ అనే మిగతా రకాల ఆటోమేటిక్‌లు అయితే పూర్తిగా వేరే సంగతి, నేను చెప్పేది వాటికి సరిపోదు.

మా బామ్మర్ది ఆటోనగర్‌లో ఒక మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాడు. చిన్న షెడ్డు, కానీ టీసీయూను చదివే స్కానర్ ఉంది. ఇది ముఖ్యం. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ ముక్క చాలాసార్లు ఇంజిన్ కోడ్‌లే, అంటే ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న లోపాల నంబర్లే, చూపిస్తుంది. అందులో నేను అప్పటికే చూసిన కోడ్ పి0700 ఒక్కటే. "గేర్ల కంప్యూటర్‌లో ఏదో ఉంది, అక్కడ చూడు" అనడం తప్ప దానికి వేరే అర్థం లేదు. భాయ్ స్కానర్‌లో అసలువి కనపడ్డాయి: పి0562, అంటే కరెంటు వోల్టేజి తక్కువ, పి0868, అంటే నూనె ఒత్తిడి తక్కువ.

"ముందుగాల కరెంటు సంగతి సూద్దాం సార్. గేర్ బాక్స్ ఏడికి పోతది" అన్నాడు.

బండి రాత్రంతా ఊరికే ఉన్నాక బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. మాది 12.1 చూపింది. స్టార్ట్ చేసేటప్పుడు ఇంకా బాగా పడిపోతోంది. పంపుకు ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి కాబట్టి ఏఎంటీకి బలహీనమైన బ్యాటరీ అస్సలు పనికిరాదు. కొత్తది వేశాం. గేర్ బాక్స్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి ఉంటే గీకి బిగించాం. బ్రేక్ లైట్ స్విచ్ కూడా చూశాడు. బ్రేక్ తొక్కినట్టు టీసీయూకు తెలియకపోతే 'ఎన్' నుంచి గేరు పడదు. చిన్న చవక స్విచ్, దాని వల్లే బండి ఆగిపోయిన కేసులు తన దగ్గరికి చాలా వచ్చాయన్నాడు. మాది బాగానే ఉంది.

బ్యాటరీతో కొంత మెరుగైంది. అయితే మధ్యాహ్నం ట్రాఫిక్‌లో 'ఎన్' మళ్లీ కనపడింది.

అప్పుడు భాయ్ చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, బ్రేక్ తొక్కి ఉంచి, లివర్‌ను 'ఎన్' నుంచి 'డి'కి (బండి ముందుకు నడిచే డ్రైవ్), మళ్లీ 'ఎన్'కి మార్చమన్నాడు. తను బానెట్ దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు. లివర్ కదిలిన ప్రతిసారీ పంపు 'జుయ్' మంటోంది. అక్యుములేటర్ బాగుంటే ఒకసారి నిండిన ఒత్తిడి కొన్ని మార్పులకు సరిపోవాలి, పంపు మధ్యమధ్యలో మాత్రమే తిరగాలి. మా దాంట్లో గ్యాస్ పోయింది. ఒత్తిడి నిలవడం లేదు, పంపు క్షణం ఆగకుండా పనిచేస్తోంది. ట్రాఫిక్‌లో గేర్లు ఎక్కువ మారతాయి, పంపు వేడెక్కుతుంది, వేడికి నూనె పల్చబడి వాల్వుల్లో లోలోపలే జారిపోతుంది. ఒత్తిడి చాలక కంప్యూటర్ గేరు వదిలేస్తుంది. పొద్దున బాగుండి ఎండకు ఎందుకు మొరాయిస్తోందో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పాత బండి నుంచి తీసిన అక్యుములేటర్ తక్కువకు దొరుకుతుందని ఎవరో చెప్పారు. భాయ్ ఒప్పుకోలేదు. లోపల గ్యాస్ ఎంత మిగిలిందో బయటికి కనపడదు. హైదరాబాద్ రాణిగంజ్ నుంచి కొత్తది తెప్పించాం, కొన్ని వేల రూపాయల్లో అయిపోయింది. విప్పే ముందు స్కానర్‌తో ఒత్తిడి పూర్తిగా దింపాడు. బ్యాటరీ వైరు తీసినా ఆ డబ్బాలో ఒత్తిడి అట్లాగే ఉంటుంది, తెలియక బోల్టు విప్పితే నూనె మొహానికి కొడుతుంది. ఇంటి దగ్గర ఎవరూ దీన్ని ముట్టుకోవద్దు. తగ్గిన నూనెను కంపెనీ చెప్పిన రకంతోనే నింపాలి. చేతికి అందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం యూనిట్ పాడవుతుంది. గేర్ బాక్స్ ఆయిల్ కూడా వేరే, దీంతో సంబంధం లేదు.

తర్వాత నూనెలో చేరిన గాలి తీసి, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేశాడు. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించడం అది. చాలాచోట్ల పార్ట్ మార్చి ఈ పని వదిలేస్తారు. బండి కుదుపులతో నడిస్తే రిపేరు విఫలమైందని ఓనరు అనుకుంటాడు. మాది లెర్నింగ్ అయ్యాక ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఉండే తోపు కూడా తగ్గింది. మిట్టమధ్యాహ్నం కాజీపేట నుంచి మడికొండ దాకా, తిరిగి హన్మకొండ చౌరస్తా దాకా ట్రాఫిక్ వెతుక్కుని మరీ నడిపాం. 'ఎన్' రాలేదు. వానాకాలం గడిచి మళ్లీ ఎండలు వచ్చాయి, ఇప్పటికీ రాలేదు.

క్లచ్ మాత్రం సగం పైగా అరిగిందని భాయ్ చెప్పాడు. ఏఎంటీలో క్లచ్‌ను తినేది ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచడం. మేడారం జాతర దారిలో గంటల తరబడి అడుగడుగూ జరపడం కూడా అంతే. నాన్నకు చెప్పాను: బ్రిడ్జి మీద ఆగితే బ్రేక్ మీదే ఉండండి, ముందు బండి కొంచెం దూరం పోయాక కదలండి, పెద్ద సిగ్నల్ అయితే 'ఎన్' వేయండి. "సరే బిడ్డా" అన్నారు, పాటిస్తున్నారు.

నర్సంపేటలో మా పెద్దనాన్న కొడుకు ఇప్పుడు ఇట్లాంటి కారే చూస్తున్నాడు. అడ్వాన్స్ ఇవ్వకముందు తనతో ఇవి చేయించాను. డ్రైవర్ తలుపు తీసినప్పుడు పంపు ఒకసారి తిరిగి ఆగాలి, ఊరికే కూస్తూ ఉండకూడదు. బండిని వేడెక్కేదాకా నడిపి, ఆ తర్వాతే లివర్ పరీక్ష చేయాలి. చల్లటి ఇంజిన్ మీద చేస్తే జబ్బు దాక్కుంటుంది. ఎత్తు మీద స్పీడు పెరగకుండా ఇంజిన్ మాత్రమే రేసవుతోందా చూడాలి. టీసీయూ కోడ్‌లు చదివించాలి, అప్పుడే చెరిపేసినట్టు అనుమానం వస్తే ఇంకో రోజు నడిపి మళ్లీ చదివించాలి. మొదటి కారు అమ్మేవాయన స్కానర్ పెట్టనివ్వలేదు. దాన్ని వదిలేసి రెండోది చూస్తున్నాడు.