కొత్తవాడలో ముందుగది మగ్గానిది

వరంగల్‌లో పోచమ్మ మైదాన్ నుంచి కొత్తవాడ వైపు నడిచేవారికి 1980లలో వాడ పేరు ఎవరినీ అడగవలసిన పని ఉండేది కాదు. మగ్గాల చప్పుడు, రంగు గంగాళాల నుంచి లేచే వేడి ఆవిరి, వీధి పొడవునా వెదురు బొంగుల మీద ఆరుతున్న నూలు చిలపలు ఆ సంగతి ముందే చెప్పేవి. అక్కడ పుట్టి పెరిగిన నాకు ఇల్లంటే ముందుగదిలో మగ్గం, దాని వెనుక మిగిలిన చోటులో మనుషులు. చుట్టాలు వస్తే మగ్గం పక్క నుంచి ఒదిగి నడిచి లోపలి అర్రలోకి రావలసిందే. ఎంత పెద్దవారికైనా అదే దారి, దానికి నొచ్చుకున్నవారు కూడా లేరు, ఎందుకంటే వచ్చేవారి ఇళ్లలోనూ ముందుగది మగ్గానిదే.

మా ఇంట్లో నేసేవి నేల మీద పరిచే నూలు జంపఖానాలు. కొందరు షత్రంజీలు అనేవారు. వెడల్పైన జంపఖానాకు బేరం వచ్చినప్పుడు తాత, బాపు (మా నాన్న) మగ్గం ముందు పక్కపక్కనే కూర్చుని ఒకే జంపఖానాను నేసేవారు. చారల జంపఖానా అయితే పేక నూలును మోసుకుపోయే నాడె ఒక అంచు నుంచి మరో అంచుకు సాఫీగా పోతుంది కానీ, గళ్లు, కోణాలు, పూల నమూనాలు ఉన్నదానికి ప్రతి రంగు నూలునూ విడిగా చేతితో పడుగులోకి దూర్చి, ఆ రంగు ముగిసే చోటనే వెనక్కి తిప్పి, ఆ తర్వాత ఇనుప వేళ్లున్న పంజాతో పేకను గట్టిగా దిగ్గొట్టాలి. ఇద్దరి పంజాలూ ఒకే తీరున పడకపోతే ఒకవైపు నేత బిగుతుగా, మరోవైపు వదులుగా వస్తుంది. అందుకే తాత పక్కన కూర్చునే రోజుల్లో బాపు మాట్లాడడం కూడా తగ్గించేవాడు. నేను అంచు దగ్గర నిలబడి చూస్తుంటే తాత చెయ్యి ఆపకుండానే, "నమూనా ఎవ్వలన్న సూస్తరు బిడ్డా, నువ్వు అంచు సూడు" అనేవాడు.

పిల్లలకు బడికి పోకముందు, బడి నుంచి వచ్చాక కండెలు చుట్టే పని ఉండేది. నాయనమ్మ రాట్నం తిప్పుతుంటే తెగిన పోగును వెతికి అతికించడం మొదట నేర్చుకున్నాము, రాట్నం మా చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. మగ్గం మీద కూర్చున్నవారి శ్రమే అందరికీ కనిపిస్తుంది గానీ, చిలపలు విప్పడం, కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం వంటి పనుల్లో ఇంటి ఆడవారు గడిపిన గంటలకు వేరే లెక్కే ఉండేది కాదు. కూలి జంపఖానాకు ఇంత అని ఒక్కటిగా వచ్చేది, అందులో నాయనమ్మ వాటా ఎంత, అమ్మ వాటా ఎంత అని అడిగినవారు మా ఇంట్లో లేరు. ఆ లెక్క అడగవలసిందని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

రంగు వేసే రోజు మాత్రం పిల్లలకు పండుగే. మరిగే నీళ్లలో చిలపలను కర్రలతో ముంచి తిప్పుతూ, పైకి తీసి పిండి, మళ్లీ ముంచుతుంటే తెల్లటి నూలు మా కళ్ల ముందే ఎరుపెక్కేది, నీలమయ్యేది. ఏ ఇంట్లో ఏ రంగు వేస్తున్నారో ఇంటి ముందు పారే నీళ్లు చూసి చెప్పేవాళ్లం. చేతి తొడుగులన్న మాటే లేదు. రంగు వేసేవారి గోళ్లు, అరచేతి గీతలు ఎప్పుడూ తెల్లబడేవి కావు, పెళ్లిళ్లలో సైతం ఆ చేతులతోనే అక్షింతలు వేసేవారు.

వానాకాలాన్ని తలుచుకుంటే మాత్రం మనసు బరువెక్కుతుంది. గుంటమగ్గాలున్న ఇళ్లలో గుంటకు చెమ్మ ఎక్కేది, ముసురు పట్టి వారం గడిస్తే నీళ్లు ఊరేవి. రంగు వేసిన నూలు ఆరదు, పడుగు బిగువు మారుతుంది, పోగులు సాగి అంటుకుంటాయి. నేసిన దానికే కూలి గనుక నేత ఆగితే రాబడి ఆగినట్టే, కిరాణా దుకాణంలో ఖాతా పెరిగినట్టే. వానలు బాగా పడుతున్నాయని ఊళ్ల నుంచి వచ్చిన రైతు బంధువులు సంతోషంగా చెబుతుంటే అమ్మ తలూపుతూ వినేది, ఆమె చూపు మాత్రం తడిసిన చిలపల మీదే ఉండేది. వాళ్ల సంతోషమూ న్యాయమైనదే, అమ్మ దిగులూ న్యాయమైనదే.

శ్రావణ పున్నమిని మేము నూలు పున్నమి అంటాము. ఆనాడు మగ్గం ముట్టుకోరు. పద్మశాలి ఇళ్లలో మగవారు కొత్త జంధ్యం వేసుకునేవారు, మార్కండేయుడి పూజలు జరిగేవి, చేతులకు నూలు దారాలు కట్టుకునేవారు. ఎప్పుడూ చప్పుడుతో నిండి ఉండే వీధిలో ఆ పూట మనుషుల మాటలు స్పష్టంగా వినిపించడం నాకు చిత్రంగా ఉండేది.

ఇంతకూ ఆ జంపఖానాలు ఎక్కడికి పోయేవో నాకు బడిలోనే తెలిసింది. వార్షికోత్సవానికి నేల మీద పరిచిన చారల జంపఖానా మా వాడ నేతేనని నేను గుర్తుపట్టాను. ఆ తర్వాత పెళ్లి పందిళ్లలో, భజన మందిరాల్లో, ప్రభుత్వ వసతి గృహాల్లో ఎక్కడ కూర్చున్నా ముందు కిందికే చూసేవాణ్ణి. వరంగల్ తివాచీలకు పెద్ద పేరే ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వాటిని ఉంచారు. అవి ముడులు వేసి నేసిన ఖరీదైన తివాచీలు, మావి సామాన్యులు కూర్చునే నూలు జంపఖానాలు. అయినా 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అయితే గుర్తింపు పత్రం ఒక్కటే మగ్గాన్ని నడిపించలేదు. చేనేత సహకార సంఘాల వద్ద సరుకు పేరుకుపోకుండా ప్రభుత్వం వేళకు కొనాలి, కొన్నదానికి వేళకు డబ్బు ఇవ్వాలి. మా తరంలో చాలామందిమి చదువుకుని ఉద్యోగాలకు వెళ్లిపోవడానికి ఆ ఎదురుచూపులే పెద్ద కారణం.

మరమగ్గం మీద వచ్చిన చవక రకాలు, రసాయన పోగుతో చేసిన చాపలు పక్కపక్కనే అమ్ముడుపోయే ఈ రోజుల్లో చేనేత జంపఖానాను పోల్చుకోవడం కష్టమని మిత్రులు అంటుంటారు. తాత నేర్పిన పద్ధతి తేలికైనదే. ముందు తిరగేసి చూడండి, మంచి నేతకు రెండు వైపులా నమూనా ఒకేలా ఉంటుంది. పేక లోపలి పడుగును పూర్తిగా కప్పి ఉండాలి, వేలితో నెట్టినా పోగులు పక్కకు జరగకూడదు. రంగు మారే చోట కన్నాలు, వదులు ఉన్నాయేమో వెలుతురుకు పట్టి చూడండి. చివరగా మడిచి అంచు మీద అంచు పెట్టండి. ఒకటి మరొకదాన్ని దాటిపోకుండా సరిపోతే అడిగిన ధర ఇచ్చి తెచ్చుకోండి, కొత్తవాడకు వెళ్లి నేసినవారి దగ్గరే కొంటే మరీ మంచిది.