కాగితం మీద 2.3 కిలోలు, భుజం మీద 3.3

చిన్న వేటకు తేలికపాటి రైఫిల్ ఎంచుకుందామని నేను మొదట చేసిన పని, తయారీదారులు చెప్పే బరువులన్నీ ఒక పట్టికగా రాసుకోవడం. అక్కడే పొరబడ్డాను. ఆ అంకె ఒట్టి తుపాకిది. దానికి స్కోప్ 400 గ్రాములు, స్కోప్‌ను పట్టే రింగులు 100, భుజాన తగిలించే పట్టీ 150, వంద తూటాలు సుమారు 340 గ్రాములు కలపండి. 2.3 కిలోల రైఫిల్ ఇంటి గడప దాటేసరికి 3.3 కిలోలు. రైఫిల్‌లో రెండు వందల గ్రాములు తగ్గించడానికి పడే తంటా కన్నా, పెద్ద అద్దాల స్కోప్ మానేసి ముందు అద్దం 32 మిల్లీమీటర్లుండే చిన్న స్కోప్ పెట్టుకోవడం సులువు.

వేట అంటే చట్టం ఒప్పుకునే చోట, ఒప్పుకునే జంతువును, లైసెన్సుతో అన్నమాట. కొన్నిచోట్ల సీసం గుండ్లు వాడకూడదు, కొన్నిచోట్ల సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ పేలి, తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునే రకం) కుదరదు. ఈ రెండూ ముందే తెలుసుకోకపోతే ఎంపికంతా మళ్ళీ మొదటికొస్తుంది.

బరువు పట్టిక పక్కన పెట్టి నేను తేల్చుకున్నది తూటా సంగతి. చిన్న వేట రైఫిళ్ళలో వాడేది రిమ్‌ఫైర్ తూటా. ఇందులో నిప్పు పుట్టించే పేలుడు మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. పిన్ను ఆ అంచును నలిపితే పేలుతుంది. నలగాలంటే కేసు, అంటే మందునూ గుండునూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, పలచగా ఉండాలి, పలచగా ఉంటే పీడనం ఎక్కువ పెంచలేరు. ఈ జాతి తూటాల బలానికి హద్దు అక్కడే పడింది. 1887 నుంచి వస్తున్న .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్; ముందున్న అంకె గుండు అడ్డుకొలత, సుమారుగా అంగుళాల్లో) తూటాలో 40 గ్రెయిన్ల, అంటే సుమారు 2.6 గ్రాముల గుండు స్టాండర్డ్ రకంలో సెకనుకు 1,070 అడుగుల దరిదాపుల్లో, హై వెలాసిటీ రకంలో 1,200 నుంచి 1,250 అడుగుల వేగంతో వెళ్తుంది. 1959 నాటి .22 మ్యాగ్నమ్ అదే బరువు గుండును 1,900 అడుగుల దాకా తోస్తుంది. ఆ మ్యాగ్నమ్ కేసునే మెడ దగ్గర సన్నం చేసి 2002లో తెచ్చిన .17 హెచ్‌ఎంఆర్‌లో 17 గ్రెయిన్ల గుండు 2,550 అడుగుల వేగం అందుకుంటుంది.

కుందేలునో ఉడుతనో వండుకు తినాలనుకుంటే, దూరం 50, 60 గజాలు దాటకపోతే, .22 ఎల్ఆర్ చాలు. .17 గుండు లోపలికి వెళ్ళి ముక్కలైపోతుంది, తలకు తగలకపోతే మాంసం పాడే. పంటను పాడుచేసే జంతువుల్ని 100 నుంచి 150 గజాల దూరంలో కొట్టాలంటే మాత్రం .17 కావాలి. 100 గజాలకు గురి కుదిరిస్తే దారి మధ్యలో గుండు అంగుళం కూడా పైకి లేవదు, దూరం అంచనాలో కాస్త తప్పినా తగులుతుంది. నాకు కావాల్సిన దూరాలు చాలావరకు 60 గజాల లోపువే, కాబట్టి .22 ఎల్ఆర్ దగ్గర ఆగాను. మ్యాగ్నమ్ మంచిదే, కానీ ఈ రెండు పనుల్లో దేనికీ అది మొదటి ఎంపిక కాదని నా అభిప్రాయం.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. .22 ఎల్ఆర్‌లో వేగం పెరిగితే గాలికి తక్కువ కొట్టుకుపోతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. గాలి గుండును ఎంత పక్కకు నెడుతుందన్నది, ఆ గుండు దారిలో ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ధ్వని వేగం 20 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 1,125 అడుగులు. దానికి కాస్త పైన బయల్దేరిన గుండుకు నిరోధం ఒక్కసారిగా ఎక్కువై, వేగం త్వరగా చచ్చిపోతుంది. మొదటి నుంచీ ధ్వని వేగం కిందే పోయే స్టాండర్డ్ గుండుకు ఆ దెబ్బ ఉండదు. పైగా గుండు వెళ్తున్నప్పుడు గాలిలో వచ్చే ఛెళ్ళుమనే మోతా ఉండదు. హై వెలాసిటీ వల్ల దక్కేది కొంచెం చదునైన దారి, కొంచెం ఎక్కువ దెబ్బ.

తర్వాత యంత్రాంగం. 1964 నుంచి తయారవుతున్న రూగర్ 10/22 లాంటి సెమీ ఆటోమేటిక్‌లు రెండుంబావు కిలోల దగ్గర ఉంటాయి, పది తూటాల మ్యాగజైన్ తుపాకి పొట్టలోనే ఇమిడిపోతుంది, విడిభాగాలకు లోటు లేదు. అయితే అవి పేలిన తూటా వెనక్కి తన్నే బలంతోనే పనిచేస్తాయి. నెమ్మది తూటా వేస్తే బోల్ట్ (తూటా వెనక భాగాన్ని మూసి ఉంచే కడ్డీ) పూర్తిగా వెనక్కి రాక ఖాళీ కేసు దారిలోనే ఇరుక్కోవచ్చు. బ్యారెల్ శుభ్రం చేయాలన్నా, వెనక దారి మూసి ఉన్న రకాల్లో రాడ్‌ను మూతి వైపు నుంచి దూర్చాలి. రాడ్ రాసుకుని మూతి అంచు అరిగితే గురి పోయినట్టే. కింది మీటను ఆడించి తూటా మార్చే లివర్ రకం చేతికి హాయిగా ఉంటుంది, కానీ చాలా వాటిలో ట్యూబ్ మ్యాగజైన్ (బ్యారెల్ కింద తూటాలు వరసగా నిలిచే గొట్టం) ఉంటుంది, తూటాలు దించడం నిదానం. ఒక్క తూటా రకాలు అన్నిటికన్నా తేలిక, సంచిలో పడేస్తారు. మొదటిది తప్పితే రెండో దానికి జంతువు ఆగదు మరి. బోల్ట్‌ను చేత్తో లాగి తూటా మార్చే బోల్ట్ రకంలో ఏ వేగం తూటా అయినా నడుస్తుంది, రాడ్ వెనక నుంచే వెళ్తుంది. నేను బోల్ట్ వైపు మొగ్గాను.

బ్యారెల్ పొడుగు గురించి బెంగ అక్కర్లేదు. .22 ఎల్ఆర్ గుండును తోసే మందు 16 అంగుళాల్లోపే దాదాపు కాలిపోతుంది, 24 అంగుళాల బ్యారెల్ ఇచ్చేది బరువే తప్ప వేగం కాదు. సన్నని బ్యారెల్‌తో వచ్చే చిక్కు వేరు. స్టాక్ కర్ర ఒకవైపు ఒరుసుకున్నా, పట్టీ కొక్కెం బ్యారెల్‌కే ఉండి దాన్ని గట్టిగా లాగినా, చిల్లు పడే చోటు జరుగుతుంది. బ్యారెల్‌కూ కర్రకూ మధ్య చిన్న నోటు కాగితం పెట్టి వెనక దాకా జరిపి చూడాలి. ఎక్కడ ఆగితే అక్కడ రాస్తున్నట్టు.

అందరూ బరువు చూస్తారు, చూడాల్సింది ట్రిగ్గర్. 2.3 కిలోల తుపాకి మీద 2.5 కిలోల ట్రిగ్గర్ లాగితే కదిలేది ట్రిగ్గర్ ఒక్కటే కాదు. బరువైన రైఫిల్ ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, తేలికది బయటపెడుతుంది. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, స్ప్రింగ్ త్రాసు కొక్కెం ట్రిగ్గర్ మధ్యలో తగిలించి ఐదుసార్లు లాగాలి. 1.1 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటే బాగు. ఐదు కొలతల మధ్య తేడా 150 గ్రాములు దాటితే సగటు ఎంత ఉన్నా నేను వద్దంటాను. కొన్ని పాత రైఫిళ్ళలో ఖాళీగా పేలిస్తే పిన్ను నేరుగా చాంబర్ అంచును కొడుతుంది, అందుకని డమ్మీ తూటా గానీ పేలిన కేసు గానీ లోపల పెట్టి ప్రయత్నించాలి. సీజెడ్ 457 అనే బోల్ట్ రైఫిల్ వంటి వాటిలో ట్రిగ్గర్ బరువు మనమే సర్దుకోవచ్చు. సర్దాక, ఖాళీ రైఫిల్ కాక్ చేసి (పేల్చడానికి సిద్ధంగా ఎక్కుపెట్టి), స్టాక్ మడమను, అంటే భుజానికి ఆనే చివరను, రబ్బరు సుత్తితో గట్టిగా తట్టాలి. పిన్ను పడిందంటే మరీ తేలిక చేసినట్టే, వెనక్కి తిప్పాల్సిందే.

స్కోప్‌లో చూడాల్సింది పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి గీతలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం. పెద్ద రైఫిళ్ళ స్కోప్‌లు 100 గజాలకు సరిచేసి ఉంటాయి. 25 గజాల దగ్గర కన్ను కాస్త జరిగితే గీతలు లక్ష్యం మీద జరుగుతాయి, ఉడుత తల తప్పడానికి ఆ మాత్రం చాలు. రిమ్‌ఫైర్ కోసం 50 గజాలకు సరిచేసినదో, సర్దుకునే చక్రం ఉన్నదో తీసుకోవాలి. రింగులు కొనేముందు రైఫిల్ మీద ఉన్నది 11 మిల్లీమీటర్ల గాడా, వీవర్ అనే వెడల్పు రకం పట్టాయా చూసుకోండి. ఒకదానివి మరోదానికి పట్టవు.

పాత రైఫిల్ అయితే టార్చి వేసి చాంబర్ అంచు చూడాలి. పిన్ను చేసిన నొక్కు లోపలికి ఉబికి ఉంటే పేలిన కేసు బయటికి రావడానికి మొరాయిస్తుంది. మూతి అంచు మీద గీతలున్నా వదిలేయడమే మేలు.

తూటాల పరీక్షకే ఎక్కువ సమయం పట్టింది. ఒకే బరువు, ఒకే వేగం రాసి ఉన్న రెండు పెట్టెలు ఒకే బ్యారెల్‌లో వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఐదు రకాలు, రకానికి యాభై తూటాల పెట్టె ఒకటి తీసుకున్నాను. గుండు మీద పూసే మైనం రకాన్ని బట్టి మారుతుంది, కొత్త మైనం బ్యారెల్‌లో పరుచుకోవడానికి తొలి పదిహేను తూటాలు వదిలేయాలి. వాటి చిల్లులు లెక్కలోకి రావు. తర్వాత ఇసుక సంచుల మీద ఆనించి, 50 గజాల్లో ఐదేసి చొప్పున ఐదు గుంపులు; గుంపు అంటే ఆ ఐదు తూటాల చిల్లులు. ఐదింటిలో మంచి గుంపును చూసి మురిసిపోతే మోసపోతాం, అన్నిటికన్నా చెడ్డ గుంపు చూడాలి. అది అంగుళం వెడల్పు లోపు ఉన్న రకమే నాది. మిగిలిన పది తూటాలు దాచి, పది వేర్వేరు రోజుల్లో చల్లటి బ్యారెల్‌తో ఒక్కోటి పేల్చాలి. వేటలో లెక్కకొచ్చేది ఆ మొదటి తూటాయే.

గురి 50 గజాలకు కుదిర్చాను. స్కోప్ సర్దే చక్రంలో ఒక్కో మెట్టు పావు మినిట్ క్లిక్ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్). అది ఆ దూరంలో అంగుళంలో ఎనిమిదో వంతు జరుపుతుంది, అంటే అంగుళం తప్పితే ఎనిమిది క్లిక్కులు. స్కోప్ బ్యారెల్‌కు అంగుళంన్నర పైన ఉంటే, 25 గజాల దగ్గర దాదాపు గురిలోనే పడుతుంది. 75 దగ్గర రెండంగుళాలకు పైగా, 100 దగ్గర ఏడంగుళాలకు అటూఇటూగా కిందికి దిగుతుంది. దగ్గరి దూరాలే జనం మరిచిపోతారు. 10 గజాల్లో అర అంగుళానికి పైగా, 5 గజాల్లో సుమారు అంగుళం కింద పడుతుంది, గుండు ఇంకా చూపు గీత దాకా ఎక్కలేదు మరి. ఈ అంకెలు మన తూటాతో పేల్చి చూసుకుని, చిన్న చీటీగా రాసి స్టాక్‌కు అతికించుకోవాలి.

తూటా పేలకపోతే మూతి సురక్షితమైన వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి బోల్ట్ తీయాలి. అంచులో మందు ఒకచోట తక్కువ పడి ఉండొచ్చు, తూటాను సగం తిప్పి పెడితే చాలాసార్లు పేలుతుంది. చప్పుడు మెత్తగా వస్తే మాత్రం రెండోది పెట్టకుండా బ్యారెల్‌లోకి చూడాలి, గుండు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. చిన్న తూటా కదా అని వెనక మట్టిగట్టు చూసుకోకుండా కొట్టేవాళ్ళున్నారు. .22 ఎల్ఆర్ గుండు కిలోమీటరుకు పైగా పోగలదు, నీటి మీదా గట్టి నేల మీదా తగిలి ఎగిరిపోతుంది.

తూటాలు జేబులో విడిగా వేసుకోవద్దు. మైనానికి ఇసుక అంటుకుని అదంతా బ్యారెల్‌లోకే పోతుంది, మెత్తని సీసం సొట్టపడితే ఎంచి తెచ్చుకున్న తూటా కూడా గుంపు నుంచి తప్పుకుంటుంది. పెట్టెలోని ప్లాస్టిక్ పలకతో సహా తీసుకెళ్ళడం నయం, అది పెంచే బరువు లెక్కలోకే రాదు.