క్రౌన్ ఆయిల్ చూసి ఎన్నాళ్లయింది?

మొగిలి ఘాట్ దిగేటప్పుడు మొదటిసారి విన్నా ఆ సౌండు. మదనపల్లె మండీలో టమోటా బాక్సులు ఎక్కించుకుని, పలమనేరు దాటి చిత్తూరు వైపు దిగుతున్నా, చెన్నై లోడు, రాత్రి పదకొండు అయింటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడల్లా వెనక నుంచి సన్నగా ఊళ పెట్టినట్టు వస్తా ఉంది, మళ్లీ కాలు పెడితే తగ్గిపోతుంది. టైర్ సౌండేమోలే అనుకున్నా. పాట సౌండ్ తగ్గించి విన్నా, అద్దం దించి విన్నా, టైర్ కాదని అప్పుడే మనసుకి తెలుసు, కానీ లోడు మీద ఉన్నప్పుడు తెల్లారేలోపు మార్కెట్‌కి చేరాలనే ఆత్రంలో మనిషి ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాడు కదా.

తిరిగొచ్చాక మెకానిక్ భాయ్ దగ్గరికి పోయినా. ఆయన మా నాయన కాలం నుంచి మా బండ్లు చూస్తాడు. పక్కన కూర్చుని ఒక రౌండు తిప్పించాడు, ఏమీ మాట్లాడలా, దిగినాక అడిగాడు.

"ఆయిల్ ఎప్పుడు మార్చినావు అబ్బయ్యా?"

"మొన్ననే కదా భాయ్, ఆయిలు, ఫిల్టరు, అన్నీ."

"అది ఇంజిన్ ఆయిలు. నేను అడిగేది క్రౌన్ ఆయిలు."

నా దగ్గర సమాధానం లేదు. క్రౌన్ అంటే వెనక చక్రాల మధ్య ఉండే పెద్ద పళ్ల చక్రం, ఇంజిన్ బలాన్ని చక్రాలకి మళ్లించేది. అది ఆయిల్‌లో మునిగి తిరిగే ఇనుప పెట్టెనే హౌసింగ్ అంటారు. మాది బొలెరో పికప్, 1.7 టన్ను, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, నా చేతికొచ్చి రెండేళ్లు. రెండేళ్లలో ఇంజిన్ ఆయిల్ ఒక్కసారి కూడా లేట్ చేయలేదు, అద్దం మీద స్టిక్కర్ అంటించుకుని మరీ మార్పించినా. గేర్ బాక్స్, క్రౌన్ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బయట ఒక షాపులో సర్వీస్ చేయించినప్పుడు బిల్లులో "అన్ని ఆయిల్స్ చెక్" అని రాసిచ్చారు, నేను నమ్మినా. ఇంజిన్‌కయితే డిప్‌స్టిక్ ఉంది, ప్రెషర్ తగ్గితే లైట్ వెలుగుతుంది. వెనక హౌసింగ్‌కి లైటూ లేదు, డిప్‌స్టిక్కూ లేదు, బండి కిందికి ఎవరో ఒకరు దూరి చూస్తే తప్ప లోపల ఏముందో ఎవరికీ తెలీదు. దూరినారో లేదో అడగాల్సింది మనమే.

భాయ్ కింద పడుకుని ముందు పైన ఉన్న ఫిల్లింగ్ ప్లగ్ విప్పాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా ముందు పైదే విప్పాలి, కిందిది విప్పి ఆయిల్ అంతా కార్చేసి తర్వాత పైది తుప్పు పట్టి రాకపోతే, ఖాళీ హౌసింగ్‌తో బండి కదల్లేక ఆడే నిలబడిపోతుంది. ప్లగ్ తీసి చూపుడు వేలు లోపల పెట్టి కిందికి వంచాడు. లెవెల్ కరెక్ట్‌గా ఉంటే ఆయిలు ఆ బెజ్జం అంచు దాకా ఉండాలి, వేలు పెట్టగానే తడవాలి. భాయ్ వేలు పొడిగా వచ్చింది. కింద డ్రెయిన్ ప్లగ్ విప్పితే తట్టలోకి కొంచెమే పడింది, అది కూడా ఆయిల్ రంగులో లేదు, పాలు ఎక్కువైన టీ లాగా ఉంది. నీళ్లు కలిసినాయి.

డ్రెయిన్ ప్లగ్ చివర అయస్కాంతం ఉంది. దానికి బూడిద రంగు ముద్ద పట్టుకుని ఉంది, భాయ్ బొటనవేలికి రాసుకుని ఫోన్ టార్చ్ కింద రుద్ది చూపించాడు. మెత్తగా గ్రీజు మాదిరి ఉంటే భయం లేదంట, అది మామూలు అరుగుదలే. నా దాంట్లో రుద్దుతుంటే గరగరమన్నాయి, సన్నటి రేకులు, టార్చ్‌కి మెరుస్తున్నాయి. "పినియన్ బేరింగు" అన్నాడు. పినియన్ అంటే క్రౌన్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం, దాన్ని పట్టుకుని ఉండేది ఆ బేరింగు.

నీళ్లు ఎట్లా పోయినాయంటే, దీన్ని నేను బాగా అర్థం చేసుకున్నా కాబట్టి వివరంగా చెప్తా. హౌసింగ్ మీద బ్రీదర్ అని చిన్న టోపీ లాంటిది ఉంటుంది. బండి నడిచి నడిచి లోపల ఆయిలు, గాలి వేడెక్కితే ఆ గాలి పోయే దారి అది. మా తోట దారిలో బురద, ఆ బ్రీదర్ పూర్తిగా మూసుకుపోయింది. గాలికి దారి లేక లోపల ప్రెషర్ పెరిగి పినియన్ సీలు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు, పక్క నుంచి ఆయిల్‌ని కొంచెం కొంచెంగా బయటికి తోసింది. ఇంక వానాకాలంలో వేడి వేడి బండిని వంకలో దించినామనుకోండి, చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుని ఆ సీలు దగ్గర నుంచే నీళ్లు పీల్చుకుంటుంది. అంటే వేడికి ఆయిల్ బయటికి, చల్లదనానికి నీళ్లు లోపలికి. బండి తప్పు ఏమీ లేదు, ఒక టోపీ తుడవకపోవడం వల్ల వచ్చింది ఇదంతా.

బేరింగులు, సీలు మార్చి, పళ్ల మధ్య సందు సరిచేసే సన్నటి రేకులు, షిమ్ములు అంటారు, అవి వేసి సెట్ చేసేసరికి మూడు రోజులు. క్రౌన్ పళ్లు బతికిపోయినాయి, అదే పెద్ద అదృష్టం. టమోటా సీజన్లో మూడు రోజులు బండి నిలబడితే ఏమవుతుందో మా వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నా. బండి కొంచెం తిప్పి వేడి చేసి, సమానమైన నేల మీద పెట్టి, చక్రాలకి రాళ్లు పెట్టి కిందికి దూరుతా. వేడిగా ఉంటే ఆయిల్ పలచబడి చెత్తతో సహా కారుతుంది. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు దయచేసి, పికప్ ఎట్లాగూ ఎత్తుగానే ఉంటుంది, జాకీ అవసరమే లేదు. ఒక పక్క లేపితే లెవెల్ కూడా తప్పు చూపిస్తుంది. కొత్త ఆయిల్ డబ్బా ముందే ఎండలో పెడతా, లేకపోతే చలికాలంలో తేనె మాదిరి దిగుతుంది. బెజ్జం నుంచి బయటికి కారేదాకా పోసి, కారడం ఆగినాక వాషర్ మార్చి ప్లగ్ బిగిస్తా. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, ఎక్కువైన ఆయిల్ యాక్సిల్ సీలు దాటి వెనక బ్రేక్ డ్రమ్ములోకి పోయిందంటే ఘాట్‌లో బ్రేకు పట్టదు.

ఆయిల్ కొనేటప్పుడు ఇంకో గొడవ. షాపులో "90 ఆయిలే కదన్నా, గేర్ బాక్స్‌కీ క్రౌన్‌కీ ఇదే పోయండి" అంటారు. 90 అనేది చిక్కదనం మాత్రమే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఇంకోటి రాసుంటుంది, అసలు సంగతి అది. పినియన్ క్రౌన్ చక్రానికి సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం కిందికి తగులుకుంటుంది, పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతా రాసుకుంటాయి, ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే జీఎల్-5 లో గంధకం, ఫాస్ఫరస్ మందులు జాస్తి ఉంటాయి, ఆ డబ్బా మూత తీయగానే వచ్చే కంపు దానిదే. అదే మందు గేర్ బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగుల్ని, అంటే గేర్లు గరగరలాడకుండా పడేట్టు చేసేవాటిని, తినే ప్రమాదం ఉంది. కాబట్టి మాన్యువల్ పుస్తకంలో బాక్స్‌కి జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 పోయండి, షాపాయన మాట వినొద్దు. గేర్ బాక్స్ ఆయిల్ కార్చినప్పుడు బంగారు రంగు పొడి మెరుస్తుంటే అది సింక్రోలు అరుగుతున్నట్టు.

సౌండు ఒక గేర్‌లోనే వస్తే బాక్స్ మీద అనుమానం, ఏ గేర్‌లో ఉన్నా స్పీడుని బట్టే వస్తే వెనక వైపు చూడండి. బండి కదిలించగానే, రివర్స్ వేయగానే టక్ మంటే జాయింట్ షాఫ్ట్ క్రాసులు, అంటే గేర్ బాక్స్ నుంచి క్రౌన్‌కి పోయే పొడవాటి రాడ్డు చివర్లలో ఉండే జాయింట్లు. గ్రీజు గన్‌తో నాలుగు వైపులా కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి, రెండు వైపులే వచ్చిందంటే మిగతా రెండూ ఎండిపోయి ఉన్నట్టే.

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు, వాడిది ఆటోమేటిక్ పికప్, ఫోర్ వీల్. ఈ కథ చెప్తే వాడూ ఉలిక్కిపడ్డాడు. వాడికి నాకన్నా పని ఎక్కువ, ముందు క్రౌన్, వెనక క్రౌన్, మధ్యలో బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, మూడూ విడివిడిగా చూసుకోవాలి, ఆటోమేటిక్ బాక్స్‌లో పోసే ఆయిలు, ఏటీఎఫ్ అంటారు, అది వేరే. డీలర్ "లైఫ్‌టైమ్ ఆయిల్" అన్నాడంట. ఎవరి లైఫ్‌టైమో అడగమన్నా. వెనక బోటు ట్రెయిలర్ కట్టుకుని లాగుతాడు వాడు, ఆ వేడికి ఎర్రటి ఆయిల్ గోధుమ రంగుకి తిరిగి మాడు వాసన వస్తే ఇంక ఆలస్యం చేయకూడదు.

నేనయితే లోడు బండి కాబట్టి 40 వేల కిలోమీటర్లకి గేర్ బాక్స్, క్రౌన్ ఆయిల్స్ రెండూ మారుస్తా, వానాకాలం అయిపోగానే కిలోమీటర్లు ఎన్నయినా ఒకసారి ప్లగ్ విప్పి వేలు పెట్టి చూస్తా, బ్రీదర్ విప్పి కిరసనాయిల్‌లో కడుగుతా. మార్చిన కిలోమీటర్లు హౌసింగ్ మీదే తెల్ల పెయింట్‌తో రాసిపెట్టినా, ఎవరు కిందికి దూరినా కనపడేట్టు. నిన్న దూరి చూసినా, నంబరు మీద బురద కప్పేసింది. తుడిచి మళ్లీ దిద్దినా.